సాయిల్ మాయిశ్చర్ ప్రోబ్ క్యాలిబ్రేషన్‌కి మట్టి శాంపిల్స్ ఎలా సిద్ధం చేయాలి

నేలలో తేమ కొలిచే ప్రోబ్ చేతికి రాగానే చాలామంది చేసేది ఒకటే. గాల్లో పట్టుకుని ఒక రీడింగ్, గ్లాసు నీళ్ళలో ముంచి ఇంకో రీడింగ్ తీసుకుంటారు. మొదటిది సున్నా శాతం, రెండోది వంద శాతం అని రాసుకుని, పొలంలో గుచ్చేస్తారు. కానీ ఏ నేలలోనూ నూటికి నూరు వంతులు నీళ్ళుండవు. మన ఎర్ర నేల పూర్తిగా నానిపోయినా ఘనపరిమాణంలో నూటికి 40-45 వంతులే నీళ్ళు, మిగతాదంతా మట్టి. ప్రోబ్‌కి లెక్క నేర్పాలంటే (క్యాలిబ్రేషన్ అంటే ఇదే) మట్టితోనే నేర్పాలి, అదీ మీ పొలం మట్టితో, పొలంలో ఎంత గట్టిగా కూర్చుని ఉందో అంత గట్టిగా కూర్చిన మట్టితో.

ఈ ప్రోబ్‌లు నీళ్ళను నేరుగా కొలవవు. చుట్టూ ఉన్న పదార్థం విద్యుత్ క్షేత్రానికి ఎలా స్పందిస్తుందో చూస్తాయి. దానికి డైఎలక్ట్రిక్ విలువ అని ఒక అంకె ఉంటుంది. నీటికి అది 80 దగ్గర, మట్టి రేణువులకు 3 నుంచి 5, గాలికి 1. తేడా ఇంత ఎక్కువ కాబట్టే నీళ్ళు కాస్త పెరిగినా ప్రోబ్ పసిగడుతుంది. ఆ విలువ నుంచి తేమ శాతం లెక్కగట్టే సూత్రాన్ని 1980లో కెనడా శాస్త్రవేత్త టాప్, ఆయన సహచరులు ఇచ్చారు. మామూలు ఖనిజ నేలల్లో అది బాగానే పనిచేస్తుంది. బంకమన్ను ఎక్కువున్న నల్లరేగడి, ఉప్పు తేలిన చౌడు, పశువుల ఎరువు బాగా పట్టిన తోటల మట్టి, వీటి దగ్గరికి వచ్చేసరికి కంపెనీ ఇచ్చిన లెక్క గాడి తప్పుతుంది.

మట్టి తయారీ గురించి ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. మొదటిసారి నేను ఒక బత్తాయి తోట కోసం క్యాలిబ్రేషన్ చేసినప్పుడు జల్లించిన ఎర్రమట్టిని బకెట్లో వదులుగా పోసి, నీళ్ళు కలిపి రీడింగులు తీశాను. బకెట్లో మట్టి లీటరుకు 1.15 కిలోలే ఉంది. తోటలో అదే మట్టి లీటరుకు ఒకటిన్నర కిలోలు. నేను మాత్రం బరువు లెక్కన వచ్చిన తేమని తోట సాంద్రతతోనే గుణించి శాతాలు వేశాను. ఫలితం ఏమిటంటే, నేలలో నిజంగా 21 శాతం ఉన్నప్పుడు ప్రోబ్ 27 అని చూపించింది. తడి సరిపోతుందని రైతు డ్రిప్ ఆపేశారు. మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకుంటున్నాయని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ప్రోబ్‌లో లోపమేమీ లేదు. నేను మట్టి కూర్చిన తీరులోనే ఉంది తప్పంతా.

ఇక పనిలోకి వెళ్దాం.

మట్టి ఎక్కడ తీయాలి, ఎంత తీయాలి

భూసార పరీక్షకు మట్టి తీయడం మీకు అలవాటై ఉంటుంది. పొలమంతా తిరిగి, అక్కడక్కడ వి ఆకారంలో గుంతలు తీసి, అన్నీ కలిపి, చివరికి అర కిలో మిగుల్చుతాం. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. ప్రోబ్ ఎక్కడ పాతబోతున్నారో ఆ చోటు పక్కనే, ప్రోబ్ ఏ లోతులో ఉంటుందో ఆ లోతు నుంచే తీయాలి. 15 సెం.మీ. పైపొర మట్టి, దాని కింది మట్టి ఒకే పొలంలోనే వేరువేరుగా ఉంటాయి. మన చెల్క నేలల్లో పైన ఇసుక పాలు, కింద బంక పాలు ఎక్కువగా కనిపించడం మామూలే. రెండు లోతుల్లో రెండు సెన్సర్లు పెడుతుంటే మట్టి కూడా రెండు సంచుల్లో వేరుగా తేవాలి.

ఒక్కో లోతుకి 25 కిలోలు తీసుకోండి. ఐదు తేమ స్థాయిలు, ఒక్కోదానికి దాదాపు నాలుగున్నర కిలోలు కావాలి, ఇంకాస్త చేతిలో ఉండాలి. పైనున్న గడ్డీగాదం, ఎండుటాకులు పారతో గీకేసి తవ్వండి. డ్రిప్పర్ సరిగ్గా కిందా, ఎరువు వేసిన చోటా వద్దు.

ఇంకో మాట. యూరియా సంచిలోనో, కాంప్లెక్స్ ఎరువు సంచిలోనో మట్టి తేకండి. సంచిలో మిగిలిన ఎరువు పొడి మట్టిలో కలిస్తే ఉప్పు పెరిగి ప్రోబ్ లేని తడిని చూపిస్తుంది. కొత్త గోనె సంచి గానీ, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన బకెట్ గానీ వాడండి.

పొలంలో మట్టి ఎంత గట్టిగా ఉందో కొలవండి

అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఒక ఘనపు సెంటీమీటరు నేలలో ఎన్ని గ్రాముల పొడి మట్టి ఉందన్నదే బల్క్ డెన్సిటీ. సివిల్ ఇంజనీరింగ్ కాలేజీల సాయిల్ మెకానిక్స్ ల్యాబుల్లో దీనికి కోర్ కట్టర్ ఉంటుంది. లోపలి అడ్డుకొలత 10 సెం.మీ., ఎత్తు 13 సెం.మీ. ఉన్న ఉక్కు గొట్టం అది. దొరక్కపోతే పల్చటి ఇనుప గొట్టం ముక్క కోయించి, ఒక అంచుని బయటివైపు నుంచి ఆకురాయితో అరగదీయించండి. లోపలివైపు అరగదీస్తే మట్టి నొక్కుకుపోతుంది.

నేల పదును మీద ఉన్నప్పుడు, అంటే వానో తడో పడి రెండు మూడు రోజులయ్యాక తీయాలి. ఎండిన నేలలో గొట్టం దిగదు, దిగినా మట్టి పగిలి రాలిపోతుంది. కావలసిన లోతు వరకు తవ్వి, అడుగు చదును చేసి, గొట్టం నిలబెట్టి, పైన చెక్క పెట్టి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి. గొట్టం పై అంచు నేలకు సమానం కాగానే ఆపేయాలి. ఇంకా కొడితే లోపలి మట్టి అణిగిపోయి లేని సాంద్రత కనిపిస్తుంది. తర్వాత చుట్టూ తవ్వి, అడుగున పార దూర్చి మొత్తంగా పైకి లేపి, రెండు వైపులా కత్తితో అంచు వెంట నున్నగా కోయండి. రాయి ఊడివచ్చి గుంట పడితే ఆ శాంపిల్ పారేసి ఇంకోటి తీయండి. గుంటను మట్టితో పూడ్చి సరిపెట్టుకోవద్దు.

ఆ మట్టిని ఓవెన్లో 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఆరబెట్టి తూకం వేయండి. ఉదాహరణకి గొట్టం లోపలి అడ్డుకొలత 7, ఎత్తు 7 సెం.మీ. అనుకుందాం. దాని ఘనపరిమాణం 269 ఘ.సెం.మీ. ఆరిన మట్టి 404 గ్రాములు తూగితే సాంద్రత 1.5. ఇలా మూడు తీసి సగటు చూడండి. మూడింటిలో ఒకటి మిగతా రెండింటికీ బాగా దూరంగా ఉంటే నాలుగోది తీయడమే మేలు.

ఓవెన్ లేదని ఆగిపోవద్దు. దగ్గర్లోని వ్యవసాయ కళాశాలలోనో, పాలిటెక్నిక్‌లోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగి చూడండి. ఇంట్లో ఓటీజీ ఉంటే అదీ పనికొస్తుంది. కానీ డయల్ మీది అంకెని నమ్మకుండా లోపల థర్మామీటర్ పెట్టి చూడాలి.

ఆరబెట్టడం, చిదపడం, జల్లించడం

తెచ్చిన మట్టిని పాలిథిన్ పట్టా మీద పల్చగా పరిచి నీడలో ఆరబెట్టండి. ఎండాకాలంలో రెండు రోజులు, వానాకాలంలో నాలుగైదు రోజులు పడుతుంది. పూటకోసారి చేత్తో తిరగేయాలి. తొందరగా అవుతుందని మొత్తం మట్టిని ఓవెన్లో పెట్టేయకండి. అంత వేడి తగిలితే బంకమట్టి, సేంద్రియ పదార్థం గుణం మారి, మళ్ళీ తడిపినప్పుడు నీళ్ళు పీల్చుకునే తీరు పొలం మట్టిలా ఉండదు. ఓవెన్ తూకానికి తీసిన కొద్ది మట్టికే.

పెళ్ళలు సగం ఆరినప్పుడే చేతివేళ్ళతో చిదిపేయండి. నల్లరేగడికి ఈ సమయం మరీ కీలకం. పూర్తిగా ఎండాక ఆ పెళ్ళలు రాళ్ళలా అవుతాయి, అప్పుడు రోకలితో దంచాల్సి వస్తుంది. దంచితే మెత్తటి పిండి అవుతుంది తప్ప మట్టిలా ఉండదు. వేలితో నొక్కితే విడిపోతూ, వేలికి మాత్రం అంటుకోని దశ ఒకటుంటుంది. రేగడిలో దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

ల్యాబుల్లో 2 మి.మీ. జల్లెడ వాడతారు. ఈ పనికి 5 మి.మీ. కన్నాలున్నదీ చాలు, ఇసుక జల్లించే జాలీల్లో సన్నది తీసుకోండి. వేర్లు ఏరేయండి. గరుసు నేలల్లో మాత్రం ఒక చిక్కుంది. రాళ్ళన్నీ తీసేసి క్యాలిబ్రేట్ చేస్తే, పొలంలో రాళ్ళు ఆక్రమించిన చోట నీళ్ళుండవు కాబట్టి లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకే శనగ గింజ కంటే పెద్దవి తీసేసి, వాటిని తూచి, మొత్తంలో ఎంత వంతో రాసి పెట్టుకోండి. ఆ వంతు ఎక్కువగా ఉంటే బకెట్ పద్ధతి వదిలేసి, కింద రేగడికి చెప్పిన పొలం పద్ధతికి వెళ్ళడం మంచిది.

లెక్క వేసుకోవడం

ఆరిన మట్టిలో కూడా కొంచెం తేమ దాక్కుని ఉంటుంది. 100 గ్రాములు తీసి ఓవెన్లో ఆరబెట్టి చూస్తే తెలుస్తుంది. తగ్గిన బరువును ఆరిన మట్టి బరువుతో భాగించాలి. ఎర్ర నేలలో ఇది ఒకటి రెండు శాతం, రేగడిలో అంతకు మూడు నాలుగు రెట్లు ఉండొచ్చు.

ఇప్పుడొక ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. లోహపు డబ్బా వద్దు, సెన్సర్ క్షేత్రాన్ని అది చెడగొడుతుంది. 750 మి.లీ. నీళ్ళు పోసి నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. ఇలా నాలుగుసార్లు పోస్తే నాలుగు గీతలు, మొత్తం 3 లీటర్లు. నీళ్ళు పారబోసి బకెట్ తుడిచేయండి.

సాంద్రత 1.5 అయితే 3 లీటర్లకు కావలసిన పూర్తి పొడి మట్టి 4.5 కిలోలు. మీ ఆరిన మట్టిలో బరువు లెక్కన 2 శాతం తేమ ఉంటే తూచాల్సింది 4.59 కిలోలు. అందులో అప్పటికే 90 గ్రాముల నీళ్ళున్నాయి, అంటే 3 లీటర్ల ఘనపరిమాణంలో 3 శాతం. ఇక ఐదు సంచులకు ఐదు లెక్కలు. మొదటిదానికి నీళ్ళు అక్కర్లేదు, అది 3 శాతం. రెండోదానికి 210 మి.లీ. కలిపితే 10 శాతం, మూడోదానికి 390 కలిపితే 16, నాలుగోదానికి 570 కలిపితే 22, ఐదోదానికి 750 కలిపితే 28. ఇది ఎర్ర నేల లెక్క. రేగడి ఇంకా చాలా ఎక్కువ నీళ్ళు పట్టుకుంటుంది కాబట్టి అక్కడ పై హద్దు 40 దాటించాలి.

ఏ నీళ్ళు వాడాలని చాలామంది అడుగుతారు. వాన నీళ్ళో, డిస్టిల్డ్ వాటరో వాడండి. పొలంలోని ఉప్పు ఆ మట్టిలోనే ఉంది, దానికి తోడు బోరు నీటి ఉప్పు కూడా కలపనక్కర్లేదు.

తడపడం: ఓపిక కావలసిన చోటు

బకెట్లో మట్టి పోసి మీద నుంచి నీళ్ళు పోస్తే పైన బురద, అడుగున దుమ్ము ఉంటాయి. ప్రోబ్ ముల్లు సగం బురదలో, సగం దుమ్ములో నిలుస్తుంది. ఆ రీడింగుకు అర్థం లేదు.

తూచిన మట్టిని పట్టా మీద అంగుళం మందాన పరచండి. మొక్కలకు కొట్టే చేతి స్ప్రేయర్‌లో కొలిచిన నీళ్ళు పోసి, సన్నటి తుంపరగా కొంచెం కొట్టి, రెండు చేతులతో అడుగు నుంచి పైకి తిరగేయండి. మళ్ళీ కొట్టండి, మళ్ళీ తిరగేయండి. రవ్వ ఉప్మాకి నూనె పట్టించినట్టు ప్రతి రేణువుకీ తడి అందాలి. ఉండలు కట్టడం మొదలైతే అరచేతుల మధ్య పెట్టి రుద్దితే విడిపోతాయి. నీళ్ళు అయిపోయాక ఇంకో రెండు నిమిషాలు కలపండి. రంగు ఒకేలా మారాలి. ఎర్రమట్టిలో లేత ఇటుక రంగు ముదురు రంగుకి తిరుగుతుంది, మచ్చలు కనిపిస్తున్నాయంటే ఇంకా కలవలేదన్నమాట.

వెంటనే మందపాటి ప్లాస్టిక్ సంచిలోకి ఎత్తి, గాలి నొక్కి తీసి, మూతి గట్టిగా కట్టి, దానికి ఇంకో సంచి తొడగండి. ఎర్ర నేలకు ఒక రాత్రంతా, రేగడికి రెండు రోజులు నీడలో ఉంచండి. మధ్యలో ఒకట్రెండుసార్లు సంచిని బోర్లించండి. ఆ సమయంలో తడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి సర్దుకుంటుంది. తెరిచాక పిడికెడు తీసి నొక్కి చూడండి. 10 శాతం సంచిలోది ముద్దయినట్టే అయి వేలు తగలగానే రాలిపోవాలి. 22 శాతం సంచిలోది ముద్ద కట్టి నిలబడి, అరచేతికి చల్లగా తగలాలి. అదే సంచిలో ఒక పిడికెడు ఒకలా, ఇంకో పిడికెడు ఇంకోలా ఉంటే మళ్ళీ కలిపి మరో రాత్రి ఉంచండి.

బకెట్లో కూర్చడం

సంచిని తూచండి. కలిపేటప్పుడు కొన్ని గ్రాముల నీళ్ళు ఆవిరై ఉంటాయి కాబట్టి అసలు బరువు ఇదే. దాన్ని నాలుగు సమాన భాగాలు చేయండి. మొదటి భాగం బకెట్లో పోసి, అడుగు చదునుగా ఉన్న చెక్కతో, మొదటి గీత దగ్గరికి సరిగ్గా వచ్చేవరకు నొక్కండి. గీత దాటి కిందికి పోతే ఎక్కువ నొక్కినట్టు, పైనే ఆగిపోతే తక్కువ నొక్కినట్టు. నొక్కాక పైభాగాన్ని ఫోర్కుతో తేలిగ్గా గీరి, రెండో భాగం పోయండి. గీరకపోతే పొరకీ పొరకీ మధ్య నున్నటి అతుకు ఏర్పడి ప్రోబ్ దిగేటప్పుడు అక్కడ చీలుతుంది. నాలుగు పొరలూ అయ్యేసరికి మట్టి 3 లీటర్ల గీత దగ్గర ఉంటుంది. పొలం సాంద్రత బకెట్లోకి వచ్చేసింది.

తడి ఎక్కువున్న ఐదో సంచిని నొక్కేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉంచండి. కొట్టికొట్టి నొక్కితే మట్టి వరి మడిలో దమ్ము చేసినట్టయి, రేణువుల అమరిక పోయి జారుడు ముద్దవుతుంది.

రీడింగ్, ఆ వెంటనే కోర్

బకెట్లన్నీ ఒకే గదిలో కొన్ని గంటలు ఉంచండి. ఎండలోంచి తెచ్చిన బకెట్, నీడలోని బకెట్ ఒకే తడితో ఉన్నా రీడింగులు కలవవు. ప్రోబ్‌ని నిలువుగా, ఊపకుండా, ఒకే ఒత్తిడితో దించండి. ఊపితే ముల్లు చుట్టూ గాలి సందు పడుతుంది, సెన్సర్ ఎక్కువగా చూసేది తనకు ఆనుకున్న మట్టినే కాబట్టి ఆ సన్నటి సందే మొత్తం రీడింగును కిందికి లాగుతుంది. బకెట్ గోడకు అయిదు సెంటీమీటర్లయినా దూరం ఉంచి, ముందటి రంధ్రంలో కాకుండా కొత్త చోట, మూడుసార్లు తీయండి. యాప్ చూపించే శాతం వద్దు, సెన్సర్ ఇచ్చే అసలు అంకె రాయండి. ఆర్డ్వినో, ఈఎస్‌పీ32 లాంటి చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుల మీద నడిచే చవక కెపాసిటివ్ సెన్సర్లలో తడి పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది, కంగారు పడకండి.

రీడింగ్ అయిన వెంటనే అదే బకెట్లోంచి చిన్న రింగుతో కోర్, అంటే అమరిక చెదరని మట్టి ముక్క, తీసి తూచండి, ఆరబెట్టండి, మళ్ళీ తూచండి. మీరు కలిపిన నీళ్ళ లెక్క కేవలం అంచనా, ఈ కోర్ చెప్పేది నిజం.

5 సెం.మీ. అడ్డుకొలత, 5 సెం.మీ. ఎత్తున్న రింగులో 98.2 ఘ.సెం.మీ. మట్టి పడుతుంది. తడిగా 174 గ్రాములు, ఆరాక 147.3 గ్రాములు తూగిందనుకోండి. పోయిన నీళ్ళు 26.7 గ్రాములు. దాన్ని పొడి మట్టి బరువుతో భాగిస్తే 18.1 శాతం. రింగు ఘనపరిమాణంతో భాగిస్తే 27.2 శాతం. ప్రోబ్‌కి కావలసింది రెండోది. తేడా చిన్నదిగా అనిపించొచ్చు. 30 సెం.మీ. వేరు లోతులో 27.2 శాతం అంటే దాదాపు 82 మి.మీ. నీళ్ళు, 18.1 అంటే 54 మి.మీ. మధ్యలో పోయిన 28 మి.మీ. ఒక మంచి వానంత.

ఐదు బకెట్ల అంకెలను ఎక్సెల్లో ఒకవైపు, కోర్ శాతాలను మరోవైపు పెట్టి గ్రాఫ్ గీయండి. చుక్కలు ఒకే తిన్నని గీత మీద లేకపోతే వంపు రేఖ వేసి చూడండి. ఒక్క చుక్క విడిగా నిలిస్తే దాన్ని చెరిపేయకుండా ఆ బకెట్‌ని మళ్ళీ కూర్చి చూడండి. మీరు కొలిచిన 3 నుంచి 28 శాతం హద్దు బయట ఆ గీత చెప్పేదాన్ని నమ్మొద్దు.

నల్లరేగడి అయితే

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగుళ్ళిస్తుంది. దానితో సాంద్రత కూడా తేమను బట్టి మారుతూ ఉంటుంది, కాబట్టి ఒకే సాంద్రతతో ఐదు బకెట్లు కూర్చితే పొలంతో సరిపోదు. పైగా పొడి రేగడిని జల్లించి ఎంత నొక్కినా పొలంలోని పెళ్ళ గట్టిదనం రాదు.

అందుకే బకెట్‌ని తడి సంచులకే పరిమితం చేసి, మిగతాది పొలంలో చేయండి. ప్రోబ్ పెట్టిన చోట మీటరు పొడవు, మీటరు వెడల్పున చిన్న మడి కట్టి, నిండా తడపండి. ఒక రోజు పట్టా కప్పి ఉంచి, తీసేసి, అక్కడి నుంచి రెండు మూడు రోజులకోసారి రీడింగ్ తీసుకోండి. ప్రతిసారీ ప్రోబ్‌కి జానెడు దూరంలో, అదే లోతులో కోర్ తీయండి. ప్రతి కోర్‌కీ దాని సొంత సాంద్రత వస్తుంది. తీసిన గుంతను అదే మట్టితో పూడ్చి, తర్వాతి కోర్ వేరే వైపు తీయండి. మూడు నాలుగు వారాలు పడుతుంది, అయినా రేగడికి ఇంతకంటే నమ్మకమైన దారి నాకు కనిపించలేదు. ప్రోబ్‌ని ఆనుకుని పగులు తెరుచుకుంటే ఆ రోజు నుంచి వచ్చే రీడింగులు లెక్కలోకి తీసుకోకండి.

మిగిలిన పొడి మట్టిని పారేయకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పొలం పేరు, లోతు, సాంద్రత, తేదీ రాసిన చీటీ లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. వచ్చే పంటకు ముందు దానిలోంచి 16 శాతం బకెట్ ఒక్కటి కూర్చి ప్రోబ్ గుచ్చి చూస్తే, సెన్సర్ అదే అంకె ఇస్తుందో, జారిందో అరపూటలో తెలిసిపోతుంది.